భయంలో పుట్టిన మాట

ఫోను మళ్ళీ వణికింది. చీర కుచ్చిళ్ళ మడతలో, వలలోంచి జారిపడ్డ చేపపిల్ల కొట్టుకున్నట్టు కొట్టుకుని ఆగింది. భాగ్య దానివంక చూడలేదు. చూడకున్నా తెలుసు, దీవెనే. ఇది ఐదోసారి. నేరేడుచర్ల దాటి నాలుగు కిలోమీటర్లు రాకముందే బస్సు ఆగిపోయింది. ముందెక్కడో కాలువ వంతెన మీద వడ్ల లారీ పక్కకు ఒరిగి బస్తాలన్నీ రోడ్డున పడ్డాయట, ఎవరికీ ఏమీ కాలేదట, క్రేను హుజూర్‌నగర్ నుంచి రావాలట, అన్నీ 'అట'లే, కిటికీలోంచి మాత్రం పక్కన నిలిచిన ట్రాక్టరు తప్ప ఏమీ కనబడదు. ఎడమపక్క ఊచలు. కుడిపక్క ఇద్దరి సీటులో మూడో మనిషిగా ఇరుక్కున్న పెద్దావిడ, ఆవిడ భుజం మీదికి ఒరిగి నిలబడ్డ ఆడవాళ్ళు, వాళ్ళ సంచులు, వాళ్ళ చంటిపిల్లలు. ఆడవాళ్ళకు టికెట్టు తీసేసిన కాడినుంచి ఈ బస్సుల్లో గాలికి కూడా చోటు దొరకడం లేదు. లేద్దామన్నా లేవలేదు. దిగుదామా అంటే, దిగి ఎటు పోవాలి? వెనక్కి మిర్యాలగూడ దూరమే, ముందుకు కోదాడ దూరమే. గుప్పిట్లో రెండు తాళంచెవులున్నాయి. ఒకటి ఉండాల్సిన చోట రెండు. చెమటకు తడిసి ఇనుప వాసన అరచేతికి పట్టేసింది.

ఆ రెండోది ఇంట్లో ఉండాలి, తలుపు పక్క కిటికీ లోపల, మేకుకు వేలాడుతూ. అది వాళ్ళింటి పద్ధతి, ఆ పద్ధతి పెట్టింది భాగ్యే. మొగుడు మత్తయ్య సిమెంటు లారీ ఎక్కి మేళ్లచెరువు నుంచి ఒకసారి బయలుదేరితే నాలుగు దినాలు ఇంటి మొహం చూడడు, ఇంట్లో ఉండేది తల్లీ బిడ్డా ఇద్దరే, అందులో ఒకరు బయటికి పోతే మిగిలేది ఒక్కతే ఆడమనిషి. ఆ సంగతి లోకానికి తెలవకూడదు. అందుకని పోయేవాళ్ళు బయట తాళం వేసి పోవాలి, చూసినవాళ్ళు ఇంట్లో ఎవరూ లేరనుకోవాలి. లోపలి మనిషి బయటికి రావాలంటే మేకు మీది తాళంచెవి తీసుకుని, కిటికీ ఊచల్లోంచి చెయ్యి చాపి తాళం తీసుకోవాలి. "దొంగలు తాళమున్న ఇల్లే చూసుకొని వస్తరు గదనే అమ్మా" అని దీవెన నవ్వుతుంది. "నవ్వు, నీకేం ఎరుక" అంటుంది తను. ఆరేళ్ళుగా అట్లాగే నడుస్తోంది. పొద్దున పదిన్నరకు తను తాళం వేసింది, లాగి చూసింది, నాలుగడుగులు పోయి మళ్ళీ వెనక్కొచ్చి లాగి చూసింది. లోపల దీవెన తలస్నానం చేస్తోంది, చెంబు చప్పుడు వినబడుతూనే ఉంది. బస్సు కదిలాక కండక్టరమ్మ వచ్చి "ఆధార్ చూపియ్యమ్మా, సున్నా టికెట్ కొట్టాలె" అంటే సంచిలో చెయ్యి పెట్టింది, కార్డుతో పాటు రెండు చెవులూ బయటికొచ్చాయి. అప్పటికి బస్సు మిర్యాలగూడ దాటలేదు. రైసుమిల్లుల ఊక వాసన కిటికీలోంచి కొడుతూనే ఉంది. ఆపమంటే ఆపేది కండక్టరమ్మ, మంచిమనిషిలాగే ఉంది. తను ఆపమనలేదు. నేరేడుచర్లలో బస్సు పది నిమిషాలు నిలబడింది, ఎదురుగా మిర్యాలగూడ పోయే బస్సు ఖాళీగా నిలబడి ఉంది, డ్రైవరు చాయ తాగుతున్నాడు. దిగి అందులో ఎక్కితే పన్నెండుకల్లా ఇంటి ముందు ఉండేది. దిగలేదు. మర్చిపోయిన గదా, మర్చిపోయి తెచ్చిన, ఇప్పుడేం జేస్త అని లోపల్లోపల అనుకుంటూ కూర్చుంది. మనసులో ఎన్నిసార్లు అనుకుంటే అంత నిజమైనట్టు ఉంది.

మూడు గంటలకు దీవెన సూర్యాపేటలో ఉండాలి. ఆడపిల్లల గురుకులంలో ఇంగ్లీషు చెప్పే ఉద్యోగం, కాంట్రాక్టుదే అయినా ఉద్యోగమే. పిల్లల ముందు నిలబడి ఒక పాఠం చెప్పి చూపించాలి, నచ్చితే సోమవారం నుంచే రమ్మంటారు, అక్కడే హాస్టల్లో ఉండాలి. మిర్యాలగూడలో ఒంటిగంట బస్సు ఎక్కితేనే అందుతుంది, దాని తర్వాత బస్సుకు పోతే పాఠం అయిపోయాక చేరుతుంది. ఇప్పుడు పన్నెండూ పది.

వారం రోజులుగా ఆ పాఠం వింటున్నది తనే. సాయంత్రం వంటింటి గడప మీద తనను కూర్చోబెట్టి, ఫ్రిజ్ తలుపును బోర్డు చేసుకుని, స్కెచ్చి పెన్నుతో రాస్తూ "గుడ్ ఆఫ్టర్నూన్ స్టూడెంట్స్" అనేది. పదో తరగతిలో ఆగిపోయిన తల్లి ఒక్కతే నలభై మంది పిల్లలు. "ఇయ్యాల ఒక్క మాట చెప్పుకుందాం. కెప్రీషియస్. ఎప్పుడెట్లుంటదో చెప్పరానిది. ఇప్పుడు ఒక తీరు, జరసేపటికి ఇంకో తీరు. వానను అనొచ్చు, మనిషిని అనొచ్చు. గీ మాట యాడ పుట్టింది? ఇటలీల. వాళ్ళ భాషల కాపో అంటే తల. రిచ్చో అంటే ఒంటినిండ ముళ్ళుండే చిన్న జంతువు, మన ముళ్ళపందికి తమ్ముడనుకోండ్రి. రెండు కలిపి కాప్రిచ్చో. ముళ్ళపంది తల! ఎందుకన్నరు గట్ల? భయమైతే మనకేమైతది?" అని ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి చెంచా తన ముంజేతికి ఆనించింది. ఒళ్ళు జలదరించి రోమాలు లేచాయి. "గిదే! వెంట్రుకలు నిక్కబొడుచుకున్న తలను చూసి పెట్టిన పేరది. మొదలు దాని అర్థం భయం, వణుకు. తర్వాత ఉలికిపాటు అయింది, ఇంకా తర్వాత తిక్క అయింది. వాళ్ళు మేకను కాప్రా అంటరు, మాటలు రెండు దగ్గర దగ్గర ఉన్నయి గద, మేక లెక్క ఎటుబడితే అటు గెంతేటోళ్ళ మీదికి మాట పోయిందని కొందరు చెప్తరు."

మేక పేరెత్తేసరికి క్లాసు తిరగబడింది. దామరచర్లలో పెళ్ళికి ముందు ఆరు మేకల్ని కాసిన మనిషి తను. "ఏ, మేకను గట్లనకు. దానికేం తిక్క? తుమ్మకొమ్మ యాడుందో దానికి తెల్సు, నీకు తెల్వదు. అది పోయేకాడికే పోతది. దాని ఎంట ఉరికేటోనికి పిచ్చి లేస్తది గని, దానికి గాదు." దీవెన ఫ్రిజ్ తుడవడం ఆపేసి "అమ్మా, గిది పాఠంల పెడత, నీ పేరు చెప్పి పెడత" అంది. "నా పేరెందుకే, నవ్వుతరు." "నవ్వాలెనే పెడుతున్న." నవ్వి నవ్వి ఇద్దరికీ కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. ఆ నవ్వు మధ్యలోనే భాగ్య ఒకటి అడిగింది. "అయితే ఆ మాట ఎవలదే? భయపడ్డోళ్ళదా, భయపెట్టినోళ్ళదా?" పిల్ల పెన్ను మూత పెట్టి తీసి మళ్ళీ పెట్టింది. "మొదలైతే భయపడ్డోళ్ళదేనమ్మా. తర్వాత ఇంకోళ్ళ మీదికి తోలిండ్రు."

ఇంకోళ్ళ మీదికి తోలిండ్రు. బస్సులో వేడికి నుదురు కారుతుంటే ఆ మాట ఈగలా తిరుగుతోంది. ఎవరు ఎవరి మీదికి తోలారు? చర్చిలో ఆదివారం ఆదివారం తను చెప్పిందే గదా, మా పిల్ల ఎప్పుడేం జేస్తదో దేవునికే ఎరుక అని. నర్సింగులో చేరి మూడు నెలలకే వచ్చేసింది, రక్తం చూసి కాదు, అక్కడ మాట్లాడనియ్యరు అని వచ్చింది. బట్టల దుకాణంలో చేరింది, పెట్టెల మీది ఇంగ్లీషు చదువుకుంటూ గిరాకీలను చూడలేదని మానిపించారు. డిగ్రీ అంది, బీయెడ్ అంది, సంబంధం చూస్తే వద్దంది. తిక్కది, తిక్కది అని తనే అంది, నలుగురితో అనిపించింది. ఇప్పుడు వరసగా చూస్తే అన్నీ ఒక్క వైపుకే పోయినట్టున్నాయి. పిల్లకు ఎటు పోవాలో తెలుసు. తెలవనిది తనకే.

మళ్ళీ వణుకు. ఈసారి చూసింది. మత్తయ్య. ఎత్తింది.

"ఏందే, ఇరవైసార్లు చేసినవ్?"

"రాత్రి సంది నీ ఫోను బందున్నది. ఏమైందో అని..."

"ఏమైతది? చార్జింగ్ అయిపోయి బందయింది, నేను లారీలనే పండుకున్న. ఏడున్నవ్, ఆ లొల్లేంది?"

"బస్సుల ఉన్న. మేళ్లచెరువుకు, నీ కాడికే వస్తున్న."

"నా కాడికా? గింతదానికే? ఇయ్యాల పోరి సూర్యాపేట పోయేది గద. ఎల్లిందా?"

"ఎల్తది."

"దాన్ని మంచిగ సాగనంపుడు ఇడిసిపెట్టి, నా పీనుగను ఏరుకుందామని బయలెల్లినవా తల్లీ" అని గట్టిగా నవ్వాడు, అటు ఎవరో లోడింగని కేకేస్తే పెట్టేశాడు. అతని నవ్వు చెవిలో ఉండగానే భాగ్యకు ఒకటి తట్టింది. అతని ఫోను రాత్రి తొమ్మిదింటికి బందయింది. అప్పటినుంచీ భయపడుతూనే ఉంది, నిజమే, నిద్రపోలేదు, అదీ నిజమే. కానీ అతని ఫోను నెలకు మూడుసార్లు బందవుతుంది. ఏ నెలలోనూ తను బస్సెక్కలేదు. ఇవాళే ఎక్కింది.

ఎందుకే నీకంత భయం, ఏం చూసినవ్ అని అందరూ అడుగుతారు. చూపించడానికి తన దగ్గర ఏమీ లేదు. అదే సిగ్గు. వేములపల్లిలో తోడికోడలికి కొడుకు కళ్ళముందే కాలువలో పోయాడు, ఆమె భయపడితే ఒక అర్థముంది, ఆమె మాత్రం పొలానికి ఒక్కతే పోతుంది. భాగ్యకు ఎన్నడూ ఏమీ కాలేదు. ఇల్లు కాలలేదు, దొంగలు పడలేదు, మొగుడి లారీ ఎక్కడా గుద్దుకోలేదు, పిల్లకు జ్వరం తప్ప పెద్ద రోగం రాలేదు. ఏమీ కాలేదు కాబట్టి అయ్యేదంతా ఇంకా మిగిలే ఉంది, మొత్తం ఒక్కసారే వస్తుంది అని ఆమె లెక్క. గురుకులం అనగానే తలలో వరసపెట్టి కదిలాయి, అన్నంలో బల్లి, పక్కలో పాము, నీళ్ళట్యాంకు, రాత్రిపూట ప్రహరీ దూకేవాళ్ళు, ఆటోవాడు, హైవే దాటేటప్పుడు విజయవాడ బస్సు. దీవెన "నీకు పేపరోళ్ళు జీతమియ్యాలె అమ్మా" అంది. నవ్వింది. పిల్లకు అన్నిటికీ నవ్వే.

ఆ భయం ఎక్కడ పట్టుకుందో తెలుసు. ఎవరికీ చెప్పలేదు. పదో తరగతి పరీక్షలు మిర్యాలగూడలో పడ్డాయి, మొదటి రోజు పొద్దున తెల్ల జడరిబ్బన్లు కట్టుకుని సిద్ధమైతే అమ్మ ఈదమ్మ చెప్పులు దాచేసింది. "పోకు బిడ్డా, నాకు కల మంచిగ రాలే" అని కాళ్ళు పట్టుకున్నంత పని చేసింది. బస్సు పోయింది. ఇరుగుపొరుగు అయ్యో అన్నారు, బడి అయ్యవారు ఇంటికొచ్చి తిట్టిపోయాడు. భాగ్య ఏడ్చిందని అందరూ అనుకున్నారు. ఏడవలేదు. బస్సు పోయిన చప్పుడు వినగానే గుండెలోంచి ఒక పెద్ద బరువు దిగింది, హమ్మయ్య అనిపించింది. లెక్కల పేపరు లేదు, పట్నం లేదు, ఎవరూ ఏమీ అడగరు. ఆ హమ్మయ్యలోనే ఉండిపోయింది. ముప్పై ఏళ్ళు. దానికి కిటికీ ఉందిగాని తలుపు లేదని ఎప్పుడో ఒకసారి అనిపించేది, మళ్ళీ పనిలో పడి మర్చిపోయేది. పొద్దున తాళం వేసేటప్పుడు కూడా, ఒంటిగంట బస్సు పోతే పిల్లకు అట్లాగే హమ్మయ్య అనిపిస్తుందని, కాసేపు ఏడ్చినా తర్వాత తనకే తెలుస్తుందని...

తాళం వేసేటప్పుడు. ఆగు. తాళం వేసేటప్పుడు అనుకుంటే మర్చిపోవడమెట్లా అవుతుంది? భాగ్య కళ్ళు మూసుకుంది. చెంబు చప్పుడు. కిటికీ దగ్గర తను. చేతిలో సంచి. మేకు మీద తాళంచెవి, దానికి కట్టిన ఎర్ర దారం. దాన్ని చూసింది. చూసి, ఇటు స్నానాల గది వైపు చూసింది. అప్పుడు చెయ్యి లేచింది. ఎవరిదో చెయ్యి లేచినట్టు లేచింది, మెల్లగా, చప్పుడు కాకుండా దారం పట్టి తీసింది, చప్పుడు కాకుండా. మర్చిపోయే చెయ్యి చప్పుడు గురించి ఆలోచిస్తుందా? ఇంతసేపూ ఎవరు ఎప్పుడేం చేస్తారో తెలవదని బిడ్డను అంది, వానను అంది, లోకాన్ని అంది. తన చెయ్యే తనకు చెప్పకుండా పనిచేసింది. కాదు, చెప్పింది. తనే వినలేదన్నట్టు ఊరుకుంది.

ఎంతైంది? పన్నెండూ ముప్పై ఎనిమిది. ఫోను చాలాసేపటి నుంచి ఊరికే ఉంది. ఏడు మిస్డ్ కాల్స్, ఆఖరుది పన్నెండూ ఇరవైకి. పద్దెనిమిది నిమిషాలుగా ఎందుకు చేయడం లేదు? ఇందాకటిదాకా మోగితే భయం, ఇప్పుడు మోగకపోతే భయం. తలుపు తీయబోయి చెయ్యి ఊచల్లో ఇరుక్కుందా? స్టూలెక్కి వెంటిలేటరులోంచి దూరబోయి పడ్డదా? పొయ్యి మీద పాలు పెట్టి వచ్చింది తను, పాలు పొంగి మంట ఆరి గ్యాసు... వంటింటికి కిటికీ చిన్నది. పెద్ద తలుపుకు బయట తాళం. హీటరు ఇంకా ఆన్‌లోనే ఉందేమో, తడి చేత్తో... కేకేస్తే ఎవరికి వినబడుతుంది, ఇంట్లో ఎవరూ లేరనేగదా లోకం అనుకోవాలి. ఇన్నేళ్ళూ ప్రహరీ అవతల, రోడ్ల మీద, పరాయి ఊళ్ళలో తిరిగిన భయాలన్నీ ఒక్కటొక్కటే గుంపుగా వచ్చి ఇంట్లో దూరాయి. పిల్ల వాటితో లోపల ఉంది. తాళం వేసింది తను. ఒంట్లో నెత్తురంతా నెత్తికెక్కి మాడు మీద వెంట్రుకలు లేచిన తీరు తెలిసింది, ఒక్కొక్క వెంట్రుకా. పక్కావిడ "ఏమైందమ్మా, ఒక్కతీరుగ వణుకుతున్నవ్, నీళ్ళు తాగుతవా" అంటోంది. భాగ్య వేళ్ళు ఫోను మీద జారాయి, తప్పు పేరు మీద పడ్డాయి, మళ్ళీ నొక్కింది.

ఒక్క రింగుకే ఎత్తింది దీవెన.

"అమ్మా." గొంతులో కోపం లేదు. మంట లేదు, గ్యాసు లేదు. వెనక ఫ్యాను చప్పుడు.

"మంచిగున్నవా బిడ్డా? పొయ్యి..."

"పొయ్యి బంద్ చేసిన. తాళంచెవి నీ కాడున్నది గద."

"మర్చిపోయి..." నోరు తనంత తానే మొదలుపెట్టింది. భాగ్య దాన్ని ఆపింది. ఆపడానికి ఎంత బలం కావాల్సి వచ్చిందంటే, గుప్పిట్లోని తాళంచెవులు అరచేతిలో దిగబడ్డాయి. "మర్చిపోయి గాదు. మేకు మీదికెల్లి నేనే తీసిన. తెలిసే తీసిన."

దీవెన ఏమంటుందో వినకముందే భాగ్య మళ్ళీ అందుకుంది.

"ఎదురింటి పిచ్చమ్మత్తను పిలువకపోయినవా? కిటికీలకెల్లి గట్టిగ కేకేస్తే ఇంటది."

"పిలిచి ఏమని చెప్పాలె? మా అమ్మ నన్ను లోపలేసి పోయిందనా? మాపటికి వాడంత ఎరకైతది, ఆదివారం చర్చికి ఏ మొహం పెట్టుకొని పోతవ్? నువ్వే ఫోను చేస్తవని చూస్తున్న. చీర కట్టుకొని చూస్తున్న."

"ఎప్పటిదాక చూద్దువే?"

"ఒంటిగంట దాక" అంది దీవెన. "తర్వాత చూసుడేముంటదమ్మా."

భాగ్య పెట్టేసింది. పన్నెండూ నలభై మూడు. ఇంటినుంచి బస్టాండు ఉరికితే పది నిమిషాలు. పిచ్చమ్మ నంబరు నొక్కింది. ముసలామెకు చెవులు మందం, బస్సులో పిల్లలేడుస్తున్నారు, గట్టిగా అరిస్తే తప్ప వినబడదు. అరిచింది.

"అత్తా! మీ ఇంట్ల గడ్డపార ఉన్నదా?"

"ఉన్నది. ఎందుకే, దేనికి?"

"మా తాళం పలగ్గొట్టు. ఇప్పుడే పోవాలె. దీవెన లోపలున్నది."

"ఓరి దేవుడా, లోపలున్నదా! ఎవడేసిండే తాళం, వాని చేతులిరగ?"

నిలబడ్డ ఆడవాళ్ళు ఇటు తిరిగారు, పక్కావిడ నీళ్ళసీసా పట్టుకుని అట్లాగే ఉండిపోయింది. కండక్టరమ్మ కూడా చూస్తోంది.

"నేనే అత్తా."

"నువ్వా? మతిల లేక ఏసుకపోయినవా?"

ముసలామె తెలియకుండానే ఒక దారి ఇచ్చింది. అవునంటే అయిపోతుంది. చిన్న మాట, ఎవరైనా నమ్ముతారు.

"మతి ఉండే అత్తా. పిల్లను పోనియ్యొద్దని ఏసిన. తిట్లు తర్వాత తిడుదువుగని, జర జల్ది పో, ఒంటిగంట బస్సుకు ఎల్లాలె అది. ఫోను పెట్టకు."

ఫోనులో చెప్పుల చప్పుడు, గేటు కిర్రుమనడం, పిచ్చమ్మ ఆయాసం. ఇనుము ఇనుముకు తగిలింది. "గట్టి తాళమే కొన్నవ్ గదనే" అని గొణుగుడు. "ఇంకోటి కొట్టత్తా." మళ్ళీ తగిలింది. "నేను కొడుత అవ్వా, ఇటియ్యి" అని లోపలినుంచి దీవెన గొంతు, కిటికీ ఊచల దగ్గర ఏదో పెనుగులాట, "నువ్వాగు, చెయ్యి తీయి, చెయ్యి మీద వడ్తది" అని ముసలామె కసురు. మూడోది, నాలుగోది. ఒక్కో దెబ్బకూ భాగ్య భుజాలు ఎగిరిపడ్డాయి. తర్వాత ఏదో కింద పడింది, తలుపు బార్లా తెరుచుకున్న చప్పుడు, పరుగు. అంతే.

"అత్తా? అత్తా!"

"ఉన్ననే. పోయింది పిల్ల. చెప్పులు చేతుల పట్టుకొని ఉరికింది, నాకొక మాట లేదు, నీకొక మాట లేదు. ఇంకా మలుపు తిరగలే. ఏమన్న చెప్పాలెనా? కేకేస్త."

చెప్పాల్సినవి నోటినిండా ఉన్నాయి. వెనక సీట్లో కూర్చోవద్దు, పక్కన మగవాడుంటే లేచి నిలబడు, వాళ్ళిచ్చే నీళ్ళు తాగకు, రోడ్డు దాటేటప్పుడు రెండు పక్కలా చూడు, చేరగానే ఫోను చెయ్యి, పాఠం ముందు చెయ్యి, పాఠం తర్వాత చెయ్యి. మాడు మీద వెంట్రుకలు ఇంకా దిగలేదు.

"పిలువకు అత్తా. ఆగితే బస్సు పోతది."

"మరి ఇల్లెట్లనే? తాళం పనికొచ్చేటట్టు లేదు, గొళ్ళెం గూడ ఊడింది. తలుపు నిలువది."

"దగ్గరికేసి పో."

"ఎవరన్న జొరబడితే? నువ్వెప్పుడొస్తవ్?"

బస్సు కదలలేదు. ముందు ఏదో ఇంజను మొదలై మళ్ళీ ఆగిపోయింది.

"తెల్వదత్తా" అంది భాగ్య.